తామా నది ఒడ్డున చిత్రకారుడి ఇల్లు

మా అమ్మాయి టోకియోలో ఉద్యోగం చేస్తున్నది. ఆమె దగ్గర నెలరోజులు ఉండి వచ్చాను. ఒక ఆదివారం పొద్దున్నే, "నాన్నా, ఇవాళ మీకు బొమ్మలున్న కొండ ఒకటి చూపిస్తాను, పదండి" అన్నది.

షింజుకు స్టేషనులో రైలెక్కాం. గంటన్నర ప్రయాణం. మొదట అంతా మేడలే. పోనుపోను అవి పలచబడి, కూరమళ్లు వచ్చాయి, ఆ తరువాత కొండలు దగ్గరికి జరిగాయి. మితాకె అనే చిన్న స్టేషనులో దిగితే ఎదురుగా లోతైన లోయ. అడుగున తామా నది, ఏనుగులంత బండరాళ్లను ఒరుసుకుంటూ నురగలు కక్కుతూ పోతున్నది. వంతెన దాటి అవతలి ఒడ్డుకు వెళితే ఒక పెద్ద గింకో చెట్టు, దాని పక్కనే పెంకుల కప్పు వేసిన పొడవాటి కట్టడం. అదే గ్యొకుదో చిత్రశాల.

కవాయి గ్యొకుదో 1873లో ఐచి ప్రాంతంలో పుట్టాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు యోషిసబురో. ఎనిమిదో ఏటి నుంచి గిఫు పట్టణంలో పెరిగాడు. అక్కడి నగరా నదిలో రాత్రిపూట చేపలు పట్టే తీరు చిత్రంగా ఉంటుంది. పడవ ముందు ఇనుపబుట్టలో మంట వెలిగిస్తారు. నీటికాకుల మెడకు తాళ్లు కట్టి నీళ్లలోకి వదులుతారు. అవి మునిగి చేపను పట్టుకుంటాయి కాని, మెడతాడు వల్ల పెద్ద చేపను మింగలేవు. పడవవాడు తాడు లాగి చేపను కక్కించుకుంటాడు. ఈ దృశ్యాన్ని గ్యొకుదో జీవితమంతా మళ్లీ మళ్లీ చిత్రించాడు. చిన్నప్పుడు చూసిన మంట అంత సులభంగా ఆరదు కాబోలు!

14వ ఏట క్యోటో వెళ్లి మొచిజుకి గ్యొకుసెన్ అనే గురువు దగ్గర చేరాడు. జపానులో శిష్యుడికి గురువు తన పేరులోని అక్షరం ఇవ్వటం ఆచారం. 'గ్యొకు' అంటే మణి. అది గురువుగారి దానమే. 1891లో పెద్ద భూకంపం వచ్చి ఆయన తండ్రి చనిపోయాడు. అప్పటికి ఆయనకు ఇంకా 18 ఏళ్లు నిండలేదు.

1895లో క్యోటోలో జరిగిన ప్రదర్శనలో హషిమొతో గహో అనే పెద్ద చిత్రకారుడి బొమ్మలు చూశాడు. చూసి, 'నేను నేర్చింది చాలదు' అనుకున్నాడు. మరుసటి ఏడు టోకియో వెళ్లి మళ్లీ శిష్యుడిగా కూర్చున్నాడు. అప్పటికే ఆయన బొమ్మలకు బహుమానాలు వచ్చి ఉన్నాయి. పేరు వచ్చినవాడు తిరిగి పలక పట్టటం ఎంత కష్టమో ఉపాధ్యాయులకు బాగా తెలుసు.

చిత్రశాలలో ఆయన 15 ఏళ్ల వయసులో వేసిన పక్షులూ మొక్కలూ ఉన్నాయి. ప్రతి ఈకా చూసి వేసిందే. ఆ అద్దపుపెట్టె ముందు నాకొక సంగతి జ్ఞాపకం వచ్చింది. ఒకసారి మా తరగతిలో ఒక కుర్రవాడు లెక్కల పుస్తకంలో కొంగను గీశాడు. నేను ఆ కాగితం చింపి పారేశాను. నిజానికి ఆ కొంగ కాలు సరిగ్గానే వంగి ఉన్నది. చాలాసేపు అక్కడినుంచి కదలలేకపోయాను.

పక్కగదిలో ఆయన పనిచేసిన గదిని ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ కట్టి చూపించారు. బల్ల లేదు. కాగితమో పట్టుగుడ్డో నేలమీద పరిచి, వంగి చిత్రించాలి. సిరా అంటే మసిని బంకతో కలిపి ఎండబెట్టిన కడ్డీ. దాన్ని రాతిమీద నీళ్లతో అరగదీయాలి. ఆకుపచ్చ, నీలం రంగులకు ఆ రంగు రాళ్లనే నూరుతారు. తెలుపుకు ఆల్చిప్పల పొడి. వీటిని వడ్రంగులు వాడే వజ్రం బంక వంటి బంకతో కలుపుతారు. ఒకసారి సిరా పడిందా, చెరపటానికి వీలులేదు.

1916లో ఆయన వేసిన 'వెళ్లిపోయే వసంతం' ఇప్పుడు టోకియో జాతీయ ఆధునిక కళాశాలలో ఉన్నది. ఆరేసి పలకల మడత తెరలు రెండు. నది మీద చెర్రీ పూలరేకులు రాలుతుంటాయి. ఒడ్డున పడవలు కట్టి ఉంటాయి. అవి ప్రయాణానికి కాదు, పిండి మరలు! నీటి వేగానికి చక్రం తిరిగి ధాన్యం విసురుతుంది. పూల అందం చూపే బొమ్మలో పిండి మరను పెట్టటమే ఆయనలో నాకు నచ్చిన గుణం. ఆయన కొండల్లో ఎక్కడో ఒక మనిషి పని చేస్తూనే ఉంటాడు.

యుద్ధకాలంలో, 1944లో, ఆయన టోకియో విడిచి ఈ మితాకె చేరాడు. 1945లో బాంబుదాడుల్లో టోకియోలోని ఇల్లు కాలిపోయింది. ఆ ఏడే, 70 దాటిన వయసులో, ఆయన వేసిన బొమ్మ ఏమిటో తెలుసా? వరినాట్లు! చెట్టెక్కి చూసినట్టు పైనుంచి పొలం, ఆడవాళ్లు నాట్లు వేస్తుంటారు. అచ్చుప్రతిలో చూసి, మా ఊరి చేను అనుకున్నాను. గట్లు వేసిన పద్ధతి గమ్మత్తైనది. ఒక రంగు తడి ఆరకముందే మరొక రంగు చుక్క వదిలితే, అది తనంతట తానే పాకి తడిమట్టిలా కనిపిస్తుంది.

ఆయన 1957లో మితాకెలోనే కన్నుమూశాడు. అభిమానులు తలా కొంత వేసుకుని 1961లో ఈ చిత్రశాల తెరిచారు.

తిరుగు రైలుకు ఇంకా అరగంట ఉన్నది. నది ఒడ్డున కూర్చుని పెన్సిలు తీసి ఒక బండరాయి గీయటం మొదలుపెట్టాను. రాయి ఎలాగో వచ్చింది కాని, దాన్ని చుట్టి పారే నీళ్లు ఎంతకూ రాలేదు.

మా అమ్మాయి తొంగిచూసి, "ఏమిటి నాన్నా, గొర్రెపిల్లా?" అన్నది.