లారీ కదిలే ముందు

మేడ్చల్ దాటి నాగపూర్ హైవే మీద కొంత దూరం పోతే, రోడ్డుకు అటూ ఇటూ కిటికీలు లేని పెద్ద పెద్ద రేకుల షెడ్లు కనిపిస్తాయి. మనం ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించుకునే సబ్బులు, నూనె డబ్బాలు, ఫ్రిజ్‌లు ఇలాంటి షెడ్ల నుంచే ఊళ్లమీదికి బయలుదేరతాయి. అలాంటి ఒక గోడౌన్‌లోకి, దాని లారీల కంట్రోల్ రూములోకి వెళ్లి చూసే అవకాశం దొరికింది. పేరు రాయవద్దన్నారు, సరేనన్నాను. నాకు కావలసింది పేరు కాదు. రోజూ వందల టన్నుల సరుకు ఎక్కీ దిగే చోట మనిషి ఒంటిమీద గీత పడకుండా ఇంటికి పోవడానికి వాళ్లు ఏం చేస్తున్నారన్నది తెలియాలి.

గేటు దగ్గర మెరిసే జాకెట్టు, ఇనుప ముక్కున్న బూట్లు ఇచ్చారు. జాకెట్టు జేబులో ఒక చిన్న ట్యాగు వేశారు. "ఇది మాత్రం తీయొద్దు సార్. మీరెక్కడున్నారో ఫోర్క్‌లిఫ్టుకు తెలియాలి" అన్నారు సూపర్‌వైజరు.

ముందుగా డాకు చూపించమన్నాను. లారీ వెనక్కి వచ్చి గోడౌన్ గట్టుకు ఆనుకునే చోటు అది. గట్టు దాదాపు నాలుగడుగుల ఎత్తు. గట్టుకూ లారీకీ మధ్య ఒక ఇనుప పలక వాలుతుంది, దాని మీదుగా ఫోర్క్‌లిఫ్టు నేరుగా లారీ లోపలికి పోయి సరుకు దించుతుంది. సరిగ్గా ఆ పలక మీద ఉన్నప్పుడు లారీ ముందుకు కదిలితే, బండీ మనిషీ కలిసి ఆ సందులో పడిపోతారు. లారీ కదలడానికి పెద్ద కారణం అక్కర్లేదు. లోడింగ్ అయిపోయిందనుకుని ఎవరో బండి మీద చేత్తో తట్టి 'పోనీ' అంటారు. అదీ కాకపోతే, లోపల ఫోర్క్‌లిఫ్టు బ్రేకు వేసినప్పుడల్లా ఆ తోపుకు లారీ అంగుళం అంగుళం ముందుకు జరుగుతుంది, ఎవరూ గమనించరు. ఇన్నేళ్లూ దీనికి మన దగ్గరున్న మందు టైరు కింద ఒక రాయి, క్లీనరు నోట ఒక కేక.

ఇక్కడ రాయి స్థానంలో సెన్సరున్న చక్రపు దిమ్మె వచ్చింది. లారీ ఆనుకోగానే డ్రైవరు దిగి దిమ్మెను టైరు కింద పెట్టాలి, తర్వాత బండి తాళం తెచ్చి గోడకున్న పెట్టెలో వేయాలి. ఈ రెండూ జరిగితేనే డాకు షట్టరు పైకి లేస్తుంది. లోపలి వాళ్లకు పచ్చ లైటు, బయట డ్రైవరుకు ఎర్ర లైటు. లోడింగు ముగిసి షట్టరు నేలకు ఆనేదాకా పెట్టె తెరుచుకోదు, తాళం రాదు. ఒకరి మాటను ఇంకొకరు తప్పుగా వినే అవకాశమే లేకుండా చేశారు. నేను చూసిన ఏర్పాట్లన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఇందులో కంప్యూటరు చేసే పని చాలా తక్కువ.

డాకు పక్కన బెంచీ మీద కూర్చున్న ఖమ్మం డ్రైవరును అడిగాను, తాళం ఇవ్వడం ఇష్టమేనా అని. "మొదట్లో మనసొప్పలేదండీ. మన బండి తాళం ఇంకొకళ్ల చేతిలో పెట్టడమేంటి అనిపించింది. ఇప్పుడు తాళం పెట్టెలో పడిందంటే రెండు గంటలు హాయిగా నడుం వాల్చొచ్చు. బండి కొంచెం జరుపు బాబాయ్ అని ఎవరూ లేపరు." తాళం పెట్టెను లెక్కగట్టి తయారు చేసిన ఇంజనీరుకు ఈ సంగతి తట్టి ఉంటుందో లేదో. డ్రైవరుకు మాత్రం అది నిద్రకు దొరికిన అనుమతి.

లోపల నడవల్లో ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతున్నాయి. ఒక్కోటి ముందువైపు నేల మీద నీలి వెలుగు చుక్క వేసుకుంటూ వస్తుంది. మూల మలుపులో బండి కంటే ముందు ఆ చుక్క కనిపిస్తుంది కాబట్టి నడిచే మనిషి ఆగిపోతాడు. మూడు టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్టు తన బరువే నాలుగు టన్నుల పైన ఉంటుంది. కారుకంటే చిన్నగా కనబడుతుంది గనుక దాన్ని తేలిగ్గా తీసుకుంటాం. నాలుగు చక్రాలున్నా అది నిలబడేది మూడు కాళ్ల పీటలాగే: ముందు రెండు చక్రాలు, వెనక ఇరుసు మధ్యనున్న కీలు. బరువు పైకెత్తి వేగంగా మలుపు తిప్పితే ఆ ముక్కోణం దాటి బరువు బయటికి పోతుంది, బండి ఒరిగిపోతుంది.

సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఫోర్క్‌లిఫ్టు నడుపుతోంది. ట్రైనింగులో ఏది కష్టమనిపించిందని అడిగితే ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బండి ఒరుగుతుంటే దుంకాలనిపిస్తది అన్నా. దుంకినమంటే అదొచ్చి మన మీదనే పడతది. బెల్టు ఉండాలె, స్టీరింగు గట్టిగ పట్టుకోవాలె, ఒరిగే దిక్కు కాకుండ ఇవతలి దిక్కు ఒంగాలె. గిది ఒంటికి అలవాటు కావాలంటే మస్తు రోజులు పట్టింది." ఆమె బండి బెల్టు పెట్టుకోకపోతే కదలదు. ఫోర్కులు పైకి లేచి ఉంటే వేగం దానంతటదే తగ్గిపోతుంది. మనుషులు నడిచే గీతల దగ్గరికి వచ్చినా అంతే, మన జేబుల్లోని ట్యాగులను పసిగట్టి నెమ్మదిస్తుంది.

ఈ ట్యాగులు వచ్చిన కొత్తల్లో గొడవ జరిగిందట. దూరం మరీ ఎక్కువ పెట్టడంతో పక్క నడవలో బండి పోయినా ట్యాగు కూసేది. కొన్నాళ్లకు హమాలీలు వాటిని లాకర్లలో వదిలేసి పనిలోకి రావడం మొదలుపెట్టారు. "పొద్దంత కూస్తనే ఉంటే ఎవలింటరు సారూ?" అన్నాడొక పెద్దాయన, బస్తా మీద చెయ్యి ఆనించి. యాజమాన్యం ఆయన మాట విన్నది. గోడకు అవతల ఉన్న బండికి కూత లేకుండా చేశారు, బండి ముందే తగ్గేలా పెట్టి మనిషికి హెచ్చరిక చివరి క్షణానికే ఉంచారు. కూత తగ్గాక ట్యాగులు మళ్లీ జేబుల్లోకి వచ్చాయి. భద్రతా పరికరం అమ్మేవాళ్లు ఎన్ని హెచ్చరికలు ఇస్తుందో గొప్పగా చెబుతారు. ఎన్ని అనవసరపు హెచ్చరికలు ఆపిందో చెప్పే వాళ్లను ముందు అడగాలి.

ర్యాకుల కాళ్లకు పసుపు రంగు ఇనుప కాపులున్నాయి. ఫోర్క్‌లిఫ్టు తగిలి కాలు సొట్టపోతే, పైన మోస్తున్న టన్నుల బరువుతో వరుసంతా కూలే ప్రమాదం ఉంది. ఇప్పుడు దేనికైనా గట్టిగా తగిలిన వెంటనే బండి పాకుడు వేగానికి పడిపోతుంది, సూపర్‌వైజరు వచ్చి ర్యాకు చూసి విడిపిస్తేనే మళ్లీ నడుస్తుంది. తగిలించినందుకు జరిమానా లేదు. జరిమానా ఉన్న రోజుల్లో సొట్టలను అట్టపెట్టెల వెనక దాచేవారని సూపర్‌వైజరే చెప్పారు.

మధ్యాహ్నం తర్వాత యార్డులో నిలిచిన లారీ ఎక్కాను. అద్దం పక్కన రెండు కెమెరాలు: ఒకటి రోడ్డు వైపు, ఒకటి డ్రైవరు ముఖం వైపు. ముఖం చూసే కెమెరా పరారుణ కాంతిని వాడుతుంది కాబట్టి చీకట్లోనూ కన్ను కనిపెడుతుంది. అది కొలిచేది కనురెప్పను. ఒక నిమిషంలో ఎంతసేపు రెప్పలు కంటిపాపను 80 శాతానికి మించి కప్పేశాయన్నది 1994లో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో వియర్‌విల్ బృందం నిలబెట్టిన కొలత. ముప్పై ఏళ్లు దాటినా నిద్రమత్తును పట్టడానికి అదే ఆధారం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు రెప్ప పడితే లారీ 50 మీటర్లు డ్రైవరు లేకుండా పోయినట్టే.

రోడ్డు చూసే కెమెరాకు ఇంకో కష్టం ఉంది. గీతల మధ్య బుద్ధిగా నడిచే కార్లను చూసి నేర్చుకున్న యంత్రానికి మన ఆటో, మన గేదెల మంద, రాంగ్ సైడులో వచ్చే ట్రాక్టరు అర్థం కావు. ఈ లోటు తీర్చడానికి మన గచ్చిబౌలి ఐఐఐటీ, ఇంటెల్ కలిసి 2018లో భారతీయ రోడ్ల చిత్రాల సంచయం ఒకటి తెచ్చాయి. హైదరాబాద్, బెంగళూరు ప్రాంతాల రోడ్లలో తీసిన పదివేల చిత్రాలు, వాటిలో ఆటోనూ పశువునూ విడివిడిగా గుర్తించి చూపిన గీతలు. తర్వాత 2021లో నాగపూర్ సిటీ బస్సుల్లో, ఆ పైన తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఐరాస్తే పేరుతో హెచ్చరిక పరికరాలు బిగించారు. అందులో నాకు నచ్చిన ఆలోచన ఒకటుంది. హెచ్చరికలు ఎక్కడ పదే పదే మోగుతున్నాయో చూస్తే, చావు జరగకముందే ఆ రోడ్డులో లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఈ గోడౌన్ కంట్రోల్ రూములోనూ గోడ మీద అలాంటి పటమే ఉంది. డ్రైవర్లు సడన్ బ్రేకు వేసిన చోట్లు ఎర్ర చుక్కలుగా పేరుకున్నాయి. చుక్కలు గుంపుగా ఉన్న చోట తప్పు డ్రైవరుది కాదు, రోడ్డుది.

అక్కడే నేను ఎక్కువసేపు కూర్చున్నాను. కెమెరాలు పెట్టిన మొదట్లో నిద్రమత్తు హెచ్చరిక వచ్చిన డ్రైవరుకు బత్తాలో కోత వేసేవారట. వారం తిరగకుండానే కెమెరాల మీద స్టిక్కర్లు వెలిశాయి. కోత ఎత్తేసి పద్ధతి మార్చారు. మొదటి హెచ్చరిక క్యాబిన్‌లోనే మోగుతుంది, ఎవరికీ చేరదు. రెండోది కంట్రోల్ రూముకు వస్తుంది. నడుపుతున్న మనిషికి ఫోన్ చేయరు. ముందున్న పెట్రోలు బంకులో జాగా ఉందో లేదో చూసి, ఆ లారీకి ఇచ్చిన డాకు సమయాన్ని వెనక్కి జరిపి, క్యాబిన్ స్పీకరులో తెలుగులోనో హిందీలోనో ఒక్క మాట వినిపిస్తారు: "ముందు బంకులో ఆగండి. మీ టైము తొమ్మిదికి మార్చాం."

ఆ రెండో వాక్యం లేకపోతే మొదటి వాక్యానికి విలువ లేదు. డ్రైవరు తనకు నిద్ర వస్తోందని తెలియక నడపడు. ఆరింటికి డాకు చేరకపోతే వరుస పోతుంది, తిరుగు లోడు పోతుంది, ఓనరు ఫోను వస్తుంది కాబట్టి నడుపుతాడు. కెమెరాను అతని ముఖానికి తిప్పి, ఆ ఆరు గంటలను రాసిన వాళ్ల వైపు ఎవరూ చూడకపోతే అది భద్రత కాదు, నిఘా. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు ఎనిమిది గంటలు, దూర ప్రయాణాల్లో పది గంటలకు మించరాదని రాసింది. అది వర్తించింది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకు. ఒకటి రెండు లారీలున్న ఓనర్ల దేశం మనది. మన రోడ్ల మీద 2022 ఒక్క ఏడాదిలో 1,68,491 మంది చనిపోయారు.

ఇక్కడి ఏర్పాట్లలోనూ పెద్ద ఖాళీ ఉంది. కెమెరాలున్నవి ఈ సంస్థ సొంత లారీలకే. గేటు బయట వరుసగా నిలబడ్డవాటిలో ఎక్కువ భాగం రోజువారీ కిరాయికి వచ్చిన మార్కెట్ లారీలు. వాటిలో కెమెరా లేదు, కొన్నింటికి వెనక మెరిసే టేపు కూడా సరిగా లేదు. "వాళ్ల బండిలో మేం పరికరం బిగించలేం కదా" అన్నారు మేనేజరు. నిజమే. అయినా కిరాయి మాట్లాడేది వీళ్లే, చేరాల్సిన టైము రాసేది వీళ్లే. ఆ మాటే ఆయనతో అన్నాను. కాదనలేదాయన. యార్డు చివర ఉన్న విశ్రాంతి షెడ్డుకు తీసుకెళ్లారు. ఇరవై మంచాలు, ఫ్యాన్లు, స్నానాల గదులు, తాగునీళ్లు. ఏ లారీ డ్రైవరైనా వాడుకోవచ్చు. కెమెరాల ఖర్చుతో పోలిస్తే షెడ్డు ఖర్చు చాలా తక్కువన్నారు. కెమెరాల తర్వాత రెండేళ్లకు గానీ అది కట్టలేదని కూడా ఆయనే చెప్పారు.

ఈ మధ్య గేటు గుమస్తా ట్యాబ్‌లో ఒక కొత్త గడి చేర్చారు. బండి నంబరు, లోడు బరువుల తర్వాత, చివరిసారి ఎప్పుడు పడుకున్నారన్న ప్రశ్న. నాలుగు గంటల కంటే తక్కువ నిద్రతో వచ్చిన డ్రైవరుకు, మార్కెట్ లారీ అయినా సరే, తిరుగు లోడు వెంటనే ఎక్కించరు. షెడ్డులో మంచం చూపిస్తారు, వరుసలో అతని చోటు అలాగే ఉంచుతారు. నేను నిలబడి ఉండగానే తమిళనాడు బండి ఒకటి వచ్చింది. గుమస్తా అడిగాడు. డ్రైవరు ఎనిమిది గంటలు పడుకున్నానని టక్కున చెప్పాడు. గుమస్తా అతని కళ్లలోకి చూసి, "అన్నా, నీ నంబరు ఎటూ పోదు, నిజం చెప్పు" అన్నాడు. డ్రైవరు కాసేపు ఆగి, మూడు వేళ్లు చూపించాడు. గుమస్తా గడిలో మూడు అని కొట్టి, మంచం నంబరు చీటీ రాసిచ్చాడు.