వెదురు పిచ్చుక

పేరు తెలియనిదాని కష్టము మన మనస్సున కంటదు. ‘ఏదో పిట్ట’ యని మాత్రమే యెఱిగినదానిని పంజరమున వేసినను మనకు నొప్పి తోపదు. అందుచేత బాలురకు పక్షుల పేర్లు నేర్పుటను మేము విద్యలో నొక భాగముగా నెంచుచున్నాము.

ప్రతి శరత్తునను హిమాలయములనుండియు, వాని కావలి మధ్యాసియా సైబీరియాలనుండియు నొక చిన్నపక్షి దక్షిణమునకు వలసవచ్చి, మన తూర్పుకనుమలలోను చలికాలము గడపి మరలిపోవును. పరిమాణ మూరపిచ్చుకయంత. పోతునకు తలయు, ఱొమ్మును గులాబి యెఱుపు. పెంటికిని, లేతవయసు పోతునకును నా వన్నె లేదు. గోధుమరంగుపై చారలే యుండును. దీనిని జూచి కొందఱు ఎఱ్ఱ జినువాయి యనుకొందురు. జినువాయి యింకను చిన్నది, దాని మేన తెల్లని చుక్కలుండును; దీనికి చుక్కలు లేవు.

శాస్త్రజ్ఞులు దీనికి కార్పొడాకస్ అని పేరిడిరి. ఫలమును కొఱుకునదని గ్రీకున దాని యర్థము. అందలి ధాతువు మన ‘దంశ’ ధాతువునకు జ్ఞాతియే. 1862–64 సంవత్సరములలో జెర్డన్ దొర ప్రకటించిన భారతపక్షుల గ్రంథమున దీని తెలుగుపేరు కలదు. వెదురుబియ్యము తినుచుండగా నాయన చూచెను; ఆ యలవాటునుబట్టి తెలుగువారు దీనిని వెదురు పిచ్చుక యనిరని వ్రాసెను. పరదేశి వ్రాసియుంచిన యీ పేరు మా తరగతిలో నొక్కరికిని తెలియలేదు.

బొమ్మ చూపగా నొక బాలుడు లేచి, “మా యింట్లో పంజరంలో ఇలాంటిదే ఒకటుందండి. తెచ్చినప్పుడు ఎర్రగా ఉండేది, ఇప్పుడు లేదు. రంగు వేసి అమ్మారా మాస్టారూ?” అని యడిగెను.

రంగు వేయలేదని చెప్పితిమి. ఆ యెఱుపు ఆహారములోని వర్ణద్రవ్యములనుండి పుట్టును. దూరమునుండి వచ్చిన పెద్దపక్షులలో పెక్కింటికి, వలస ముగిసిన పిమ్మటనే పాత యీకలు రాలి క్రొత్తవి మొలచును. అనగా నా యెఱుపును మన యడవి పండ్లును, మొగ్గలును, గింజలునే యిచ్చుచున్నవి. పంజరమున వట్టి ధాన్యము మేపినచో క్రొత్తయీకలు వెలవెలబోయి మొలచును. ఇట్టి పక్షులను పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి నేరమనియు, అటవీశాఖవారి కప్పగింపవచ్చుననియు తెలిపితిమి.

“విడిచిపెడితే మళ్లీ ఎర్రబడుతుందా అండీ?” అనెను. మరుసటి యీకలు మొలచువేళకు తన మేత తానే యేరుకొని తినగలిగినచో నగునంటిమి. తండ్రిగారిని ఒప్పించు భారము నాతడు తన మీదనే వేసికొనెను.