అనుభవదారులు

విహారయాత్రల వ్యాపారులు యీమధ్య గదులూ భోజనాలూ అమ్ముతున్నామని చెప్పడం మానుకున్నారు. అనుభవాలు అమ్ముతున్నామంటున్నారు. అరకులోయలో గుడారం కింద పడుకోవడం వొక అనుభవం. వెదురు బొంగులో కాల్చిన కోడిమాంసం తినడం వొక అనుభవం. తెల్లవారుజామున లంబసింగి మంచులో వణకడం కూడా, డబ్బిచ్చి వణికితే, అనుభవమే. యీ మాటకు వంశవృక్షం లేకపోలేదు. 1998లో పైన్, గిల్మోర్ అనే యిద్దరు రచయితలు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వొక వ్యాసం రాశారు. ముడిసరుకు అమ్మే దశ పోయింది, వస్తువులు అమ్మే దశ పోయింది, సేవలు అమ్మే దశ కూడా వెనకబడుతోంది, యికమీదట అమ్మవలసింది అనుభవాన్నే అని దాని సారాంశం. వ్యాపారికి యిది గొప్ప సౌకర్యం. వస్తువుకు తూకం వుంటుంది, కొలత వుంటుంది, పాడయితే తిరిగి యివ్వవచ్చు. అనుభవాన్ని ఏ తక్కెడలో పెట్టి తూస్తాం?

తెలుగులో యీ మాటకు యింకొక చరిత్ర వుంది. మన అడంగల్లో పట్టాదారుకు వొక గడి, అనుభవదారుకు మరొక గడి. కాగితం ఎవరి పేరున వున్నా భూమి మీద నిలబడి సాగుచేసేవాడు అనుభవదారు. ఆ రెండో గడిలో పేరెక్కించుకోవడానికి ఎంతమంది ఎన్ని దెబ్బలు తిన్నారో యీ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అనుభవించడమంటే కష్టపడడం అని కూడా అర్థం. 'అనుభవిస్తావురా' అని మా అమ్మమ్మ అన్నప్పుడు అందులో విహారమేమీ వుండేది కాదు. యిన్ని అర్థాలున్న మాట ప్రకటన బోర్డు ఎక్కేసరికి వొంటికాలి మీద నిలబడింది. సాగు పోయింది, కష్టం పోయింది. చూడవచ్చినవాడి పులకింత వొక్కటే మిగిలింది.

సాహిత్యం పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి కనక ప్రకటనలను పద్యం చదివినట్టు చదవడం నాకు అలవాటయింది. అరకును 'ఆంధ్రా ఊటీ' అంటారు. లంబసింగిని 'ఆంధ్రా కశ్మీర్' అంటారు. ఉపమానం ఉపమేయం కంటె గొప్పదై వుండాలని అలంకారశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతుంది. ముఖం చంద్రుడిలా వుంటుంది గాని చంద్రుడు ముఖంలా వుండడు (వున్నాడంటే అది ప్రతీపం, వేరే సంగతి). అంచేత 'ఆంధ్రా ఊటీ' అన్న క్షణంలోనే అరకు ఊటీకి తక్కువైపోయింది. ఆ ఊటీ ఏమిటి? తోడా ప్రజల పచ్చికబయళ్ళలో 1820లలో జాన్ సల్లివన్ అనే కలెక్టరు యిల్లు కట్టుకుని మొదలుపెట్టిన వూరు. మద్రాసు ఎండలు భరించలేని దొరల ప్రభుత్వం వేసవిలో కొండెక్కి పరిపాలించిన చోటు. దొరలు పోయి డెబ్భై అయిదేళ్ళు దాటింది. యింకా మన లోయకు గౌరవం కావాలంటే వాళ్ళ వేసవి విడిది పేరు అరువు తెచ్చుకోవాలి!

బొర్రా గుహల సంగతి మరీ వింత. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ 1807లో వాటిని కనుగొన్నాడని పర్యాటక ప్రచురణల్లో చదువుతాం. ఆ సంస్థ పుట్టింది 1851లో. పుట్టని సంస్థ ఉద్యోగి గుహను కనుక్కున్నాడన్నమాట. అక్కడివాళ్ళు చెప్పుకునే కథ వేరే వుంది. గుహ కప్పులోని కంతలోంచి ఆవు జారిపడిందనీ, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల లింగం కనిపించిందనీ. మొదటిదాన్ని చరిత్ర అనీ రెండోదాన్ని కట్టుకథ అనీ అచ్చువేస్తారు. నన్నడిగితే రెండోదానిలోనే నిజం పాలు ఎక్కువ. ఆ కొండమీద ముందునుంచీ పశువులు కాసుకునే మనుషులున్నారని అదైనా వొప్పుకుంటుంది.

మనుషుల ప్రస్తావన ప్రకటనల్లో బొత్తిగా లేదని కాదు. 'అమాయక గిరిజనులు' అనే సమాసంలో వున్నారు. అదే బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ నడిపిన కేసులో, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ లీజులను కాదన్న వూళ్ళ జనాన్ని అమాయకులనడానికి మనకు చాలా అమాయకత్వం కావాలి.

గత నవంబరులో మా తెలుగు శాఖ విద్యార్థులు ముప్ఫై ఆరుగురిని వెంటబెట్టుకుని నేను విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కాను. యీ రైలుకు 2017 ఏప్రిల్ నుంచి గాజుకప్పు పెట్టె వొకటి తగిలించారు. మేము మామూలు పెట్టెలోనే వెళ్ళామనుకోండి. బైలదిల్లా యినుప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం 1960లలో కొండలు తొలిచి వేసిన దారి యిది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేశారు. ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సుబండి వచ్చి లోయను మూసేస్తే, దృశ్యానికి అడ్డం వచ్చిందని పెద్దవాళ్ళు విసుక్కున్నారు. అది తన దారిన తాను పోతోంది. అడ్డం వెళ్ళింది మనమే.

మా తరగతిలో అరకు పక్క వూరినుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి వొకతె వుంది. యాత్రకు డబ్బు వసూలు చేస్తున్నప్పుడు, "మా వూరికి నేను డబ్బు కట్టి పోవడమేటి మాస్టారూ?" అని నవ్వేసింది. ముందురోజే యింటికి వెళ్ళి, అరకు స్టేషనులో మాకు ఎదురొచ్చింది.

ఆ నెలల్లో వలిసెచేలు పూస్తాయి. కొండవాలు మీద పసుపు ఆరబోసినట్టు వుంటుంది. ఏ ప్రకటన బోర్డు చూసినా యీ చేను వుంటుంది, చేను నడిమధ్య చేతులు చాచిన పట్నపు మనిషి వుంటుంది. రోడ్డువార వొక చేను దగ్గర మేము బస్సు ఆపాము. గట్టుమీద ముళ్ళకంప, మధ్య మనిషి పట్టే సందు, ఆ సందులో వొక ముసలమ్మ. "మనిషికి ఇరవై" అంది. మగపిల్లలు బేరానికి దిగారు. విద్యార్థి సంఘంలో చురుగ్గా పనిచేసే కుర్రవాడొకడు నావైపు తిరిగి, "చూశారా మాస్టారూ, ప్రకృతిని కూడా సరుకు చేసేశారు" అన్నాడు.

"ప్రకృతి కాదు, చేను" అంది మా అమ్మాయి. "దున్నినారు, జల్లినారు."

ముసలమ్మకు మా చర్చతో పని లేదు. "తొక్కీసిన సాలుకి గింజ రాదు బాబూ" అని వొక మూల చూపించింది. అక్కడ మొక్కలు నేలకంటి పడివున్నాయి. కిందటి ఆదివారం ఎవరో పడుకుని ఫొటోలు తీయించుకున్నారట.

కుర్రవాడి మాటను కొట్టిపారెయ్యను. సరుకు కానిది సరుకు కావడం నిజమే. కాని సరుకు చేసింది ఎవరు? అదే పొద్దున బొర్రా గేటు దగ్గర మేమంతా బుద్ధిగా వరసలో నిలబడి టిక్కెట్లు కొన్నాము. యీ చేని బొమ్మ వేసుకుని గదులు అమ్ముకునే రిసార్టు యీ ముసలమ్మకు బొమ్మ అద్దె యివ్వదు. టిక్కెట్టు మీద అచ్చు వుంటే న్యాయమైన రుసుముగానూ, ముళ్ళకంప దగ్గర చెయ్యి చాస్తే అత్యాశగానూ మనకు కనిపించడం యీ వ్యాపారం నేర్పిన చదువే.

వలిసె పుట్టిల్లు ఇథియోపియా. ఎప్పుడో మన కొండలకు వచ్చి నూనెగింజగా స్థిరపడింది. యీ గింజ మన దేశంనుంచీ ఇథియోపియానుంచీ అమెరికాకు ఎగుమతి అవుతుంది. అక్కడివాళ్ళు దాన్ని తినరు. పెరట్లో గొట్టంలో పోసి వేలాడగట్టి, గోల్డ్‌ఫించ్ అనే పసుపు పిట్టలను రప్పించుకుని చూసి ఆనందిస్తారు. తమ నేలమీద మొలకెత్తి కలుపు కాకుండా, గింజను వేడిచేసి చంపి మరీ రానిస్తారు. దాని ఇంగ్లీషు పేరు పలకడంలో నాలుక జారితే నల్లవారిని తిట్టే మాటగా వినిపిస్తుందని 1998లో అక్కడి పక్షిమేత వ్యాపారుల సంఘం అక్షరాలు మార్చి, ఆ కొత్త పేరును వ్యాపారచిహ్నంగా రిజిస్టరు చేయించుకుంది. యీ చేని గింజే అక్కడికి పోతుందని నేననడం లేదు. మొత్తంమీద పూవు వొకరి సెలవు సరదాకు, గింజ యింకొకరి సెలవు సరదాకు పోతున్నాయి. నూనె సంగతి అడిగేవాడు లేడు.

తిరుగు ప్రయాణంలో మా కుర్రవాడు మరొక మెట్టెక్కాడు. అభ్యుదయవాదులు యీ విహారాలే మానాలన్నాడు. యీ వైరాగ్యం మన శిబిరంలో పాతదే. మనకు తగనిది కూడా. 1886లో షికాగో కార్మికులు ఎనిమిది గంటల పని అడిగారంటే మిగిలిన గంటలు తమవి కావాలని అడిగినట్టే గదా. మార్క్సు అల్లుడు లఫార్గ్ 1880లోనే సోమరితనపు హక్కు మీద పుస్తకం రాసి పనిని పూజించేవాళ్ళను వెక్కిరించాడు. 1936లో ఫ్రెంచి కార్మికులు సమ్మెలు చేసి ఏటా రెండు వారాల జీతపు సెలవు సాధించుకున్నారు. లియో లాగ్రాంజ్ మంత్రిగా వుండి రైలు చార్జీలో 40 శాతం తగ్గించిన టిక్కెట్టు తెస్తే, అంతవరకు సముద్రం చూడని కుటుంబాలు సముద్రం చూశాయి. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం వారపు సెలవునూ, యిరవై రోజుల పనికి వొకరోజు చొప్పున జీతపు సెలవునూ యిచ్చింది. 1956 నుంచి కేంద్రప్రభుత్వ ఉద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ వచ్చింది. కొండ చూడడం దోషం కాదు. కొండ చూసే తీరిక ఎవరికుందన్నది ప్రశ్న.

రిసార్టులో గిన్నెలు కడిగే మనిషికి ఆదివారం లేదు, మన ఆదివారమే అతనికి గాడిదచాకిరీ. మేము తిరగడానికి మాట్లాడుకున్న బస్సు డ్రైవరు రెండు రాత్రులూ బస్సులోనే పడుకున్నాడు. గదుల అద్దెలో అతని పక్క లెక్కకు రాదట. రాత్రి మంట చుట్టూ థింసా ఆడిన ఆడవాళ్ళు పగలు కాఫీతోటల్లో పండ్లు కోసి వచ్చినవాళ్ళు. తుడుము, మోరి, జోడుకొమ్ములతో పెళ్ళిళ్ళలోనూ పండుగల్లోనూ తెల్లవార్లూ సాగే ఆట అది. అక్కడ యిరవై నిమిషాల్లో ముగిసింది. తరవాత లౌడు స్పీకరులో సినిమా పాట పెట్టారు. చైత్రంలో ఇటుకల పండుగ వచ్చినప్పుడు యీ ఆడవాళ్ళే రోడ్డుకు అడ్డంగా కర్రపెట్టి వచ్చేపోయే బళ్ళను ఆపి డబ్బులు వసూలు చేస్తారని మా అమ్మాయి చెప్పింది. అప్పుడు విహారులకు కోపం వస్తుందట. యిరవై నిమిషాల ఆటకు చప్పట్లు కొట్టేవాళ్ళకు, తమ పండుగ తామే చేసుకునేవాళ్ళను చూస్తే కోపం!

యింటికి వచ్చాక కళాశాల ఆఫీసులో యాత్ర ఖర్చుల లెక్క యిచ్చాను. రైలు, గుహలు, రిసార్టు అన్నిటికీ రసీదులున్నాయి. వలిసెచేనికి ముప్ఫై ఆరుగురికి కట్టిన 720 రూపాయలకు లేదు. గుమాస్తా కలం పట్టుకుని, "దీన్ని ఏ పద్దు కింద రాయమంటారు మాస్టారూ?" అన్నాడు.

"ప్రవేశ రుసుము" అన్నాను.

"గేటుందా అక్కడ?"

"ముళ్ళకంప వుంది" అన్నాను.

రసీదు లేనిదే కుదరదని ఆ అంకె కొట్టేశాడు.