ప్లాస్టిక్ మీద టేకు చారలు

రుషికొండ బీచ్. ఎండ తగ్గుతోంది. బెలూన్లు కాల్చే బండి దగ్గర ఇంకా జనం లేరు.

బండి పెద్దాయన ఎయిర్‌గన్ ఒళ్లో పెట్టుకుని, దాని నల్ల ప్లాస్టిక్ బట్‌కి రంగేస్తున్నాడు.

నున్నటి ప్లాస్టిక్ మీద రంగు నిలవదు, పెచ్చులూడిపోతుంది. అందుకే ముందు ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమర్ పట్టించి, లేత పసుపు పూసి ఆరబెట్టాడు. ఇప్పుడు ముదురు గోధుమ రంగు పల్చగా పూసి, తడి ఉండగానే ఎండు బ్రష్‌ని పొడుగునా ఒక్క లాగు లాగాడు. కుచ్చు గీసిన గీతలే చారలయ్యాయి. ఒకచోట మణికట్టు చిన్నగా తిప్పాడు.

అక్కడ కొమ్మ మొలిచిన ముడి వచ్చేసింది!

“నల్లగా ఉంటే బొమ్మ తుపాకీ అనుకుంటున్నారు బాబూ” అన్నాడు.

ఇదే బెంగ పెద్ద కంపెనీలకూ ఉండేది. 1959లో అమెరికాలో రెమింగ్టన్ సంస్థ ‘నైలాన్ 66’ రైఫిల్ తెచ్చింది. బట్ చెక్క కాదు, డ్యూపాంట్ వారి నైలాన్. అయినా చెక్కను తలపించే గోధుమ రంగులో అమ్మింది.

మన ఏటికొప్పాకలో కథ తిరగబడుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ఊరి బొమ్మలు అచ్చమైన అంకుడు కర్రవి. లక్క రంగులు అద్దాక కర్ర జాడే కనిపించదు. అక్కడ కర్ర రంగులో దాక్కుంటుంది, ఇక్కడ ప్లాస్టిక్ కర్రలా కనిపించాలని ఆరాటపడుతుంది.

రంగు ఆరింది. ఓ పిల్లాడొచ్చి తుపాకీ అందుకుని, గురి చూడకముందే ఆ ముడి మీద బొటనవేలు పెట్టి నిమిరాడు. పెద్దాయన మొహం వెలిగిపోయింది.

మీ ఇంట్లో ఇలా చెక్క చారలు గీయించిన ఇనుప బీరువా, తలుపు ఏదైనా ఉందా? ఎవరు గీశారో గుర్తుంటే రాయండి.