ఓనమాలు దిద్దించి వెళ్లిపోతే...

వర్గల్ కొండమీద సరస్వతీ అమ్మవారి ఎదుట చిన్నారులు పలక పట్టి ఓనమాలు దిద్దుతారు. ఆ కొండకు వెళ్లే రహదారి మీద ఆదివారం పొద్దున కుర్రకారు బైకులు రయ్యిమంటూ దూసుకుపోతాయి. ఈ రెండింటికీ ఏమిటి సంబంధం అంటారా? ఆ బైకుల ప్రపంచంలోనూ ఓనమాలు దిద్దించేవారు ఉన్నారు. ఉన్నట్టుండి పలక లాక్కుని వెళ్లిపోయేవారూ వాళ్లే!

సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి ఎక్కితే శామీర్‌పేట, తుర్కపల్లి దాటగానే ఊపిరి తేలికవుతుంది. వంటిమామిడి మార్కెట్ దగ్గర కూరగాయల బళ్ల సందడి. ములుగు దాటి గౌరారం వైపు వెళుతుంటే రోడ్డుకు రెండువైపులా మక్కచేన్లు, పత్తిచేన్లు, మధ్యమధ్యలో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్లు. రహదారి వదిలి లోపలికి తిరిగితే వర్గల్. హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్లు ఉంటుందేమో... పిల్లలతో పొద్దున బయల్దేరి, అమ్మవారి దర్శనం చేసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చు.

ఊరి పక్కన చిన్న కొండ. దానిమీద విద్యా సరస్వతీ ఆలయం. యాయవరం చంద్రశేఖర శర్మ పూనికతో వెలసిన ఈ గుడి ఇప్పుడు తెలంగాణలో బాసర తర్వాత అంతగా వినిపించే సరస్వతీ క్షేత్రం. అదే కొండమీద లక్ష్మీగణపతి, శనీశ్వరుడు కూడా కొలువై ఉన్నారు. వసంత పంచమి వచ్చిందంటే చాలు... కొత్త బట్టల్లో బిక్కమొహాలతో చిన్నారులు, చేతిలో పలకాబలపాలు, వెనక అమ్మానాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు. ఏడ్చే పిల్లాడి చెయ్యి పట్టుకుని మొదటి అక్షరం దిద్దిస్తుంటే ఆ నాన్న మొహంలో కనిపించే వెలుగు చూసి తీరాలి!

గుడి మెట్ల కింద బళ్లు ఆపే చోట మాత్రం వేరే లోకం. నాన్నల యాక్టివాలు, తాతల స్ప్లెండర్ల మధ్య డ్యూక్‌లు, పల్సర్లు, ఆర్15లు. వాటి మీద 46, 93 అంకెల స్టిక్కర్లు. వలెంటినో రోసీ, మార్క్ మార్కెజ్‌ల నంబర్లవి. టీవీలో మోటోజీపీ పందేలు చూసి పెరిగిన తరం మరి. 'పెద్దయ్యాక బైక్ రేసర్ అవుతా' అని ఇంట్లో ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాం. కానీ ఆ కల కన్న పిల్లవాడి జాతకం అతని చేతిలో కంటే ఎక్కడో జపాన్‌లోనో, ఆస్ట్రియాలోనో ఓ కంపెనీ బోర్డు గదిలో ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు.

భూమి ఒకరిది... సాగు ఒకరిది

మోటార్‌సైకిల్ పందేల్లో జట్లు రెండు రకాలు. వర్గల్ రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఒకటి భూమి ఉన్న ఆసామి, రెండోది కౌలు రైతు. హోండా, యమహా, డుకాటీ లాంటి కంపెనీలు సొంత ఇంజినీర్లతో, సొంత ఖర్చుతో పందేనికే ప్రత్యేకంగా బండి తయారుచేసి నడిపే జట్టు ఫ్యాక్టరీ టీమ్. ఆ కంపెనీ దగ్గర బళ్లు అద్దెకు తీసుకుని నడిపేవి ప్రైవేటు జట్లు. రైడర్ల జీతాలు, మెకానిక్‌ల ఉద్యోగాలు, కుర్రాళ్ల శిక్షణ... అన్నీ చివరికి ఆసామి మీదే ఆధారం. అమ్మకాలు పడిపోయినా, ఎలక్ట్రిక్ బళ్లకు డబ్బు కావలసి వచ్చినా కంపెనీ పెద్దలు ముందుగా కత్తెర వేసేది రేసింగ్ ఖర్చుకే. పొలం అమ్మేస్తున్నానని ఆసామి చెబితే కౌలుదారు పరిస్థితి ఏమిటి? అదీ సంగతి.

2022 మే 2. ముందురోజే స్పెయిన్‌లోని హెరెజ్‌లో పందెం ముగిసింది. సోమవారం బళ్ల పరీక్షలు జరుగుతున్నాయి. ఆరోజే సుజుకీ జట్టు సభ్యులకు కబురందింది... ఏడాది చివర్లో కంపెనీ మోటోజీపీ నుంచి తప్పుకుంటోందని! 2026 దాకా ఒప్పందం ఉన్న జట్టు అది. రెండేళ్ల క్రితమే, 2020లో, కంపెనీ నూరేళ్ల పండుగ నాడు జోవాన్ మిర్ దానికి ప్రపంచ టైటిల్ తెచ్చిపెట్టాడు. గెలిచే జట్టు కూడా ఉంటుందన్న భరోసా లేదన్నమాట. ఆర్థిక పరిస్థితులు, వాహన రంగంలో వస్తున్న పెను మార్పులు కారణమని కంపెనీ చెప్పింది. నిర్వాహక సంస్థ డోర్నాతో బేరసారాలు సాగి, జులైలో విడాకులు ఖాయమయ్యాయి.

ఆ తర్వాత జరిగిందే విచిత్రం. పోయే జట్టే కదా అని ఎవరూ చేతులు ముడుచుకోలేదు. అలెక్స్ రిన్స్ అక్టోబరులో ఆస్ట్రేలియాలో గెలిచాడు. నవంబరు 6న వాలెన్సియాలో సుజుకీ ఆడిన ఆఖరి పందెంలోనూ అతడే గెలిచాడు. మర్నాటి నుంచి జట్టే లేదు! రిన్స్, మిర్ ఇద్దరూ హోండా గూటికి చేరారు. సాంకేతిక బృందాన్ని నడిపించిన కెన్ కవౌచి కూడా హోండాకే వెళ్లాడు. పేరున్నవారికి ఎక్కడో ఒకచోట పీట దొరికింది. టైర్లు మార్చేవారు, లారీలు నడిపేవారు, వంట చేసేవారు మాత్రం మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిందే. పందెంలో బళ్లు 24 నుంచి 22కు తగ్గాయి. అంటే పైకి రావాలని చూస్తున్న ఇద్దరు కుర్రాళ్లకు తలుపులు మూసుకున్నట్టే.

వెళ్లినవారు... మిగిలినవారు

ఇది కొత్త జబ్బు కాదు. 1957 చివర్లో ఇటలీ కంపెనీలు గిలెరా, మోటో గుజ్జి, మోండియల్ ఒక్కమాటగా తప్పుకున్నాయి. మిగిలింది ఎంవీ అగస్టా. ఇంకేముంది, 1958 నుంచి 1960 దాకా మూడేళ్లపాటు నాలుగు సోలో విభాగాల టైటిళ్లూ దానికే! 1967 తర్వాత హోండా, సుజుకీ, 1968 తర్వాత యమహా కూడా వెనుదిరిగాయి. మళ్లీ అదే కథ. ఎంవీ అగస్టా మీద జాకోమో అగొస్తినికి 500 సీసీలో 1972 దాకా ఎదురే లేకుండా పోయింది. పోటీదారుడు లేని పందెంలో గెలుపు ఉంటుంది కానీ ఉత్కంఠ ఉండదు.

అయితే పెద్దవాళ్లు వెళ్లిన ఇంట్లో ఒక్కోసారి చిన్నవాళ్లకు చోటు దొరుకుతుంది. 1970లలో యమహా తన టీజెడ్ రేసు బళ్లను డబ్బు పెట్టి కొనుక్కోగలిగిన ఎవరికైనా అమ్మింది. దాంతో సొంత వ్యానులో సొంత బండి వేసుకుని ఊరూరా తిరిగే ప్రైవేటు రైడర్లు పందేలను నిలబెట్టారు. మన నాన్నల తరం మురిసిపోయిన రాజ్‌దూత్ 350, ఆర్ఎక్స్ 100 కూడా యమహా టూస్ట్రోక్ కుటుంబంలోవే.

2009 జనవరిలో కవాసాకి వెళ్లిపోయినప్పుడు ఇంకో ముచ్చట జరిగింది. ఒకే ఒక్క బండితో 'హయాతే' పేరిట చిన్న జట్టు మిగిలింది. కొత్త భాగాల్లేవు, పెద్దగా ఆశలూ లేవు. ఆ బండి మీదే మార్కో మెలండ్రి ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో రెండోస్థానం కొట్టుకొచ్చాడు! కానీ అద్భుతాలతో ఏటా సంసారం నడవదు. బళ్ల సంఖ్య మరీ పలచబడటంతో 2012లో నిబంధనలు సడలించి, మార్కెట్లో అమ్మే బైకుల ఇంజిన్లతోనూ చిన్న జట్లను రానిచ్చారు. వెనకబడిన కంపెనీలకు, కొత్తవాటికి రాయితీలు ఇచ్చారు. 2011 తర్వాత ఒకసారి వెళ్లిన సుజుకీ 2015లో తిరిగొచ్చింది, 2017లో కేటీఎం అడుగుపెట్టింది. ఆ తిరిగొచ్చిన సుజుకీయే 2022లో మళ్లీ వెళ్లిపోయింది.

మన జిల్లా కంపెనీ కథ

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకుంటే పొరపాటే. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగేదాకా వర్గల్ మెదక్ జిల్లాలోదే. అదే పాత మెదక్ జిల్లాలోని జహీరాబాద్‌లో మహీంద్రా కర్మాగారం ఉంది. ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ ట్రక్కులు తయారైన చోటు అది. తర్వాత మహీంద్రా చేతికొచ్చింది. ట్రాక్టర్ అంటే మహీంద్రా అని చెప్పుకునే మన రైతుల్లో ఎంతమందికి తెలుసో కానీ, ప్రపంచ మోటార్‌సైకిల్ పందేల్లో సొంత బండితో దిగిన తొలి భారతీయ కంపెనీ కూడా అదే.

2011లో 125 సీసీ విభాగంతో మొదలుపెట్టి, మర్నాటి ఏడాది నుంచి మోటో3లో పోటీపడింది. అది కుర్రాళ్ల తరగతి. బళ్లు చిన్నవి, రైడర్లలో చాలామంది మీసాలు కూడా సరిగ్గా మొలవనివాళ్లు. మొదట్లో తడబాట్లే. 2013లో మలేసియాలో మిగెల్ ఒలివెరా మూడోస్థానంతో తొలిసారి పోడియం ఎక్కించాడు. 2016 జూన్‌లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో ఓ ఇటలీ కుర్రాడు మహీంద్రా బండికి తొలి విజయం అందించాడు. పేరు ఫ్రాన్సెస్కో బన్యాయా. అదే ఏడాది చెక్ దేశంలోని బ్రనోలో మహీంద్రా మీద రెండోస్థానం సాధించిన స్పెయిన్ కుర్రాడు హోర్హె మార్టిన్.

మరుసటి ఏడాదే కథ ముగిసింది. 2017తో మహీంద్రా మోటో3 నుంచి తప్పుకుని, ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్ల పందేల మీద దృష్టి పెట్టింది. వీధుల్లో దాని బైకులు హీరో, హోండా, బజాజ్‌లకు దీటుగా నిలవలేకపోయాయి. అమ్ముడుపోని బైకు కోసం పందెం ఎందుకన్నది వ్యాపారి లెక్క. తప్పని అనలేం.

కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. బన్యాయా 2022, 2023లో మోటోజీపీ ప్రపంచ విజేత. 2024లో మార్టిన్. వరసగా మూడేళ్లు ఆ కిరీటం మహీంద్రా బండి మీద రాటుదేలిన కుర్రాళ్లదే! కిరీటం పెట్టుకున్నప్పుడు ఇద్దరి కిందా ఉన్నది డుకాటీ. మొక్క వేసి నీళ్లు పోసినవారు ఒకరు, కాయ కోసుకున్నవారు మరొకరు. కంపెనీ వెళ్లిపోతూ బళ్లు తీసుకెళ్లగలదు, జెండా తీసుకెళ్లగలదు. నేర్పిన విద్యను మాత్రం తీసుకెళ్లలేదు.

అందరికీ ఆ అదృష్టం ఉంటుందా? అదే అసలు ప్రశ్న. మహీంద్రా ఉండగా మన దేశపు బండి ప్రపంచ వేదిక మీద ఉంది. ఆ జట్టు ఇంకో పదేళ్లు నిలిస్తే మన కుర్రాడొకడు ఆ బండెక్కేవాడేమో. అలా ఎక్కలేకపోయినవాడి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. ఫ్యాక్టరీ జట్ల నిష్క్రమణలో అసలు నష్టం అదే.

బడి నిలబడాలంటే...

వర్గల్‌లోనే జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. పల్లె పిల్లలు పరీక్ష రాసి ఆరో తరగతిలో చేరతారు. చదువు, తిండి, వసతి అన్నీ సర్కారువే. ఒక దాత మనసు మారితే మూతపడే బడి కాదది. బైక్ పందేల్లో అలాంటి బడి దాదాపు లేదు. ఐరోపాలో 2007 నుంచి నడుస్తున్న రెడ్‌బుల్ రూకీస్ కప్ ఇలాంటి ప్రయత్నమే. పిల్లలందరికీ ఒకేరకం బళ్లు ఇస్తారు, 2014లో అందులో నెగ్గినవాడు మార్టినే. కానీ ఆ బళ్లు ఇచ్చేదీ ఒక కంపెనీయే... కేటీఎం.

ఆ కేటీఎం 2024 నవంబరులో అప్పుల్లో కూరుకుపోయి దివాలా రక్షణ కోరింది. మోటోజీపీ నుంచి తప్పుకుంటుందన్న మాటా వినిపించింది. అప్పుడు ఆదుకున్నది పుణెకు చెందిన బజాజ్ ఆటో. 2025లో దాదాపు 80 కోట్ల యూరోల ఏర్పాట్లతో కంపెనీని గట్టెక్కించి, పగ్గాలు చేతికి తీసుకుంది. ఆ ఏడాది కేటీఎం బళ్లు పందేల్లో నిలిచాయి. వర్గల్ గుడి కింద నిలబడి ఉన్న నారింజరంగు డ్యూక్ ఏ కంపెనీదో, ప్రపంచ పందేల్లో ఆ రంగు ఉండాలా వద్దా అన్న లెక్కలోనూ ఇప్పుడు మన దేశపు మాటకు విలువుందన్నమాట.

మనదగ్గరా పందేలు వచ్చాయి, పోయాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు పరుగెత్తాయి. మహీంద్రా జట్టు కూడా వాటిలో ఉంది. 2024 జనవరిలో రెండో ఏటి పందెం రద్దయింది. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో మోటోజీపీ జరిగింది. 2024, 2025లో జరగలేదు. పండుగలా వచ్చిపోయే పందెం కంటే ఏడాది పొడవునా సాగే శిక్షణే ముఖ్యమని వీటితో తేలిపోయింది. ఆ శిక్షణకు ఇప్పటికీ మన కుర్రాళ్లు వెళ్లాల్సింది చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు ట్రాక్‌లకే. అక్కడ టీవీఎస్, తర్వాత హోండా కుర్రాళ్లకు బళ్లిచ్చి పందేలు నడుపుతున్నాయి. అక్కడా ఆసామి కంపెనీయే. కంపెనీ ఉన్నంతవరకే బడి కాకుండా, క్లబ్బులు, ప్రభుత్వాలు, క్రీడా సంఘాలు కూడా తలా ఒక చెయ్యి వేస్తేనే ఆ నిచ్చెన నిలుస్తుంది.

సాయంత్రం కొండ దిగి రాజీవ్ రహదారి ఎక్కేటప్పుడు తల్లిదండ్రులు పిల్లలకు చెప్పాల్సిన మాట ఒకటుంది. రహదారి ట్రాక్ కాదు. కూరగాయల లారీలు, గొర్రెల మందలు, ట్రాక్టర్లు తిరిగే దారి. వేగం నేర్చుకునే చోటు వేరే ఉంది. అక్కడికి చేర్చే దారి దూరమే, ఖర్చూ ఎక్కువే. ఆ దారి వేయడం పెద్దల పని.

కొండమీద చీకటి పడుతున్నా పంతులుగారు ఇంకా ఎవరో చిన్నారి చేత పలక మీద దిద్దిస్తూనే ఉంటారు. ఆ అక్షరం రేపు పిల్లవాణ్ని ఎక్కడికి తీసుకెళుతుందో ఆయన అడగరు. రాయడం వచ్చేదాకా చెయ్యి మాత్రం వదలరు.