ఎనిమిదో ఆహ్వానం

2012లో ఒక ఆదివారం పాత మెయిళ్ళు సర్దుతుంటే, చదవకుండా వదిలేసింది ఒకటి కనిపించింది. గూగుల్ వేవ్‌ని ఆ ఏప్రిల్ 30తో పూర్తిగా తీసేస్తున్నారట. దాచుకోవాల్సినవి ఏమైనా ఉంటే ఈలోగా పీడీఎఫ్‌గా దింపుకోమని దాని సారాంశం. అసలు వేవ్ అనేదొకటి ఉండేదని మీలో ఎంతమందికి గుర్తుందో నాకు తెలీదు. నేను మాత్రం ఆ మెయిలు చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

2009 మే నెలాఖరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని మొదటిసారి చూపించారు. గూగుల్ మ్యాప్స్‌కి మూలపురుషులైన రాస్ముసెన్ అన్నదమ్ములు సిడ్నీలో కూర్చుని తయారుచేశారు. ఈమెయిల్‌ని ఈరోజు కొత్తగా కనిపెడితే ఎలా ఉంటుంది అన్నది వాళ్ళ ప్రశ్న. ఉత్తరం, చాటింగు, నలుగురూ కలిసి దిద్దుకునే కాగితం, ఈ మూడూ ఒకే చోట. గంటా ఇరవై నిమిషాల ఆ వీడియో మా ఆఫీసులో చూడనివాడు లేడు. సెప్టెంబరు 30న మొదటి విడతగా లక్షమందికి ఆహ్వానాలు పంపారు. అవి ఈబేలో వేలానికి కూడా వచ్చాయంటే ఆ వేడి ఎలాంటిదో ఊహించుకోండి.

నాకు ఒక స్నేహితుడి పుణ్యమా అని అక్టోబరులో దొరికింది. దాంతోపాటు మరో ఎనిమిది మందిని పిలిచే భాగ్యం కూడా. ఆ వారం ఎడిసన్‌లో నాకున్నంత పలుకుబడి అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. ఎప్పుడూ పలకరించనివాళ్ళు కూడా "ఏం గురూ, ఒకటి ఇటు పడేయ్" అని మెయిళ్ళు. మా ఆవిడైతే "పెళ్ళి శుభలేఖలు పంచేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు మీరు" అని దెప్పింది. ఏడు ఆఫీసువాళ్ళకీ స్నేహితులకీ పోయాయి. ఎనిమిదోది తెనాలిలో ఉన్న మా నాన్నగారికి పంపాను.

ఆయన తపాలా శాఖలో ముప్పయ్యేళ్ళు పైన చేసి రిటైరయ్యారు. ఇంట్లో కంప్యూటరుంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం వచ్చు. ఆహ్వానం పంపేచోట చిన్న ఛలోక్తి ఒకటి ఉండేది: ఇవి వెంటనే చేరవు, నాకి అంటించాల్సిన స్టాంపులు బోలెడున్నాయి అని. ఫోన్‌లో చదివి వినిపిస్తే ఆయన పడీ పడీ నవ్వారు. "నాకడమేమిట్రా, బంకసీసా లేదా వాళ్ళకి?" అన్నారు.

స్టాంపులు అంటించేసరికి రెండు వారాలు పట్టింది. నవంబరు మొదటి వారంలో, ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి, అక్కడ పొద్దున్న ఏడున్నరకి, ఇద్దరం మొదటిసారి వేవ్‌లో కలిశాం.

దాని తమాషా ఏమిటంటే, అవతలివాళ్ళు రాస్తున్నది అక్షరం అక్షరం మనకి కనిపించేది. పంపించు అని నొక్కేదాకా ఆగక్కర్లేకపోయేది. తప్పులూ, దిద్దుళ్ళూ అన్నీ కనిపించేవి. నాన్నగారి పేరుతో చిన్న రంగు జెండా ఒకటి అక్షరాల వెంట మెల్లగా కదులుతుంటే, పక్కన కూర్చుని ఆయన రాయడం చూస్తున్నట్టే ఉంది. ఒంటివేలితో వెతుక్కుంటూ కొడుతున్నారు.

ఆఫీసు ఎలా ఉందని అడిగారు. "మా టీములో నలుగురిని తీసే" దాకా కొట్టి, ఆగి, చెరిపేసి, "బాగానే ఉంది" అని రాశాను. అమ్మ ఎలా ఉందని అడిగాను. రంగు జెండా కదిలింది. "అమ్మకి సోమవారం చేతికి కట్టు". అక్కడ ఆగిపోయింది. తర్వాత ఒక్కో అక్షరమే వెనక్కి పోవడం మొదలుపెట్టింది. ఖాళీ అయిన చోట "అమ్మ గుడికి వెళ్ళింది. కులాసా" అని వచ్చింది.

వెంటనే ఫోన్ చేశాను. అమ్మ బాత్‌రూములో జారిపడి పది రోజులైందట. కుడి మణికట్టు విరిగింది. ఈ పది రోజుల్లో అమ్మతో మూడుసార్లు మాట్లాడాను. మూడుసార్లూ ఏం కూర వండావని అడిగాను, మూడుసార్లూ చెప్పింది! వంట చేస్తున్నది నాన్నగారు.

"నీకెవరు చెప్పార్రా?" అన్నారాయన. మీరే అన్నాను. ఎలా కనిపిస్తుందో వివరించాను. కాసేపు మాట్లాడలేదు.

"అంటే నువ్వు చెరిపేసింది నాకు కనిపించినట్టేగా. నేనేదో మిషను తప్పనుకున్నాను. నలుగురిని తీసేశారా? నీ సంగతేమిటి?"

అవి మాంద్యం రోజులు. ఉద్యోగం పోతే వీసా కూడా పోయే పరిస్థితి. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. పదేళ్ళలో ఎన్నడూ అన్ని నిజాలు మాట్లాడుకోలేదు. ఆయన ఇన్లాండు ఉత్తరాల్లో కూడా కొట్టివేతలుండేవి. హాస్టల్లో వెలుతురుకి ఎత్తిపట్టి చూసేవాణ్ణి. సిరా ఎంత చిక్కగా రుద్దేవారంటే ఒక్క ముక్కా కనిపించేది కాదు.

అయితే ఆయనకి రహస్యం చెప్పడం నేను చేసిన పొరపాటేమో. ఆ తర్వాత ఆయన రాసేవి అక్షరం అక్షరంగా రావడం మానేసి, నాలుగైదు వాక్యాలు ఒక్కసారిగా వచ్చి పడేవి. వేరేచోట రాసుకుని, సరిచూసుకుని, తెచ్చి అతికిస్తున్నారని అర్థమైంది. నవ్వొచ్చింది, బాధా వేసింది. కానీ అడగడానికి నాకు ముఖం లేదు. అప్పటికే నేనూ అదే పని చేస్తున్నాను.

మిగతా ఏడుగురూ నెల తిరగకుండానే రావడం మానేశారు. 2010 మేలో ఆహ్వానాలతో పనిలేకుండా అందరికీ తలుపులు తెరిచారు. అనుకున్నంత మంది వాడటం లేదంటూ ఆగస్టు 4న ఇక దాని మీద పని ఆపేస్తున్నామన్నారు. మేమిద్దరం అప్పటికే ఫోన్‌కి తిరిగొచ్చేశాం.

ఆ ఆదివారమే పీడీఎఫ్ దింపుకున్నాను. తొమ్మిది పేజీలు. ఆఫీసు బాగానే ఉంది. అమ్మ గుడికి వెళ్ళింది. కులాసా. ఎవరైనా చదివితే, ఏ దిగులూ లేని కుటుంబం అనుకుంటారు.

నాన్నగారికి ఫోన్ చేసి వేవ్ తీసేస్తున్నారని చెప్పాను.

"స్టాంపులు అయిపోయాయేమోరా" అన్నారు.

నవ్వాను. మామూలుగా అయితే అక్కడితో ఉంటానని పెట్టేసేవాణ్ణి. ఈసారి పెట్టలేదు. "నాన్నగారూ, రాసి చెరిపేసినవి ఏమైనా ఉంటే చెప్పండి" అన్నాను.

అటు నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. నేనూ ఏమీ అనలేదు.

"వచ్చే నెల పదిన కంటి ఆపరేషనురా. శుక్లాలే, చిన్నదే. నువ్వు రానక్కర్లేదు" అన్నారు. కాస్త ఆగి, "సెలవు దొరికితే చూడు" అన్నారు.