సికిహోర్‌లో వావిలాకు

డుమగెటె రేవులో ఫెర్రీ టికెట్ కొంటుంటే పక్కనున్నావిడ నవ్వుతూనే హెచ్చరించింది: "అక్కడ ఎవరేమిచ్చినా తినొద్దు!"

ఫిలిప్పీన్స్‌లో సికిహోర్‌కు మంత్రగాళ్ల ద్వీపమని పేరు. స్పెయిన్ వాళ్లు దీన్ని 'అగ్ని ద్వీపం' అన్నారు. రాత్రిళ్లు చెట్ల నిండా మెరిసే మిణుగురుల వల్లే ఆ పేరట.

కొండ మీది శాన్ ఆంటోనియోలో నాకు కనిపించింది మంత్రగత్తె కాదు, ఓ బామ్మ. ఇలాంటి నాటు వైద్యుల్ని ఇక్కడ 'మనానంబాల్' అంటారు. గ్లాసు నీళ్లలో నల్లరాయి వేసి, గొట్టంతో బుడబుడా ఊదుతూ రోగి తల నుంచి పాదాల దాకా గ్లాసు తిప్పింది. తేట నీళ్లు మడ్డిగా మారాయి. పారబోసి, కొత్తవి పోసి మళ్లీ ఊదింది. నీళ్లు తేటపడేదాకా అంతే. ఇదే 'బోలో-బోలో'. ఆ మడ్డి ఎక్కణ్ణించి వచ్చిందో నా కంటికి చిక్కలేదు.

ఫిలిప్పినోలకు డాక్టరు పుస్తకంలో లేని జబ్బులు చాలానే ఉన్నాయి. కొత్తవాళ్ల చూపు తగిలి పసిబిడ్డ గుక్కపెట్టి ఏడిస్తే 'ఉసోగ్'. చూసినవాళ్లే ఉమ్ము తడి బిడ్డ పొట్ట మీద రాయాలి. మన దిష్టికి చుట్టమే, ఉప్పూ మిరపకాయలూ లేవంతే. ఇస్త్రీ చేసిన వేడి చేతుల్ని వెంటనే చన్నీళ్లలో పెడితే 'పాస్మా': చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. బాలింత తొందరపడి పనుల్లో దిగితే తిరగబెట్టేది 'బుఘాట్'. కనిపించని వాళ్లకు కోపం వచ్చినా జబ్బేనట; అందుకే పెద్ద బలేటే చెట్టు పక్కనుంచో, పుట్ట పక్కనుంచో వెళ్లేటప్పుడు వాళ్లను దారి అడగాలి: "తాబీ అపో".

ఈస్టరుకు ముందు శుక్రవారాల్లో వైద్యులు కొండల్లో ఆకులు, వేళ్లు ఏరి, పవిత్ర శనివారం మందులు కాస్తారు.

బామ్మ బుట్టలో ఓ ఆకు చూడగానే గుర్తుపట్టాను. వాళ్లకు లగుండి, మనకు వావిలి. మన బాలింతల స్నానానికి కాచే ఆకే!

ప్రభుత్వం నీళ్ల గ్లాసు జోలికి పోలేదు, ఆకుల్ని మాత్రం పరీక్షించింది. ఆరోగ్యశాఖ ప్రోత్సహించే 10 మొక్కల్లో లగుండితో పాటు జామ, కాకర, వెల్లుల్లి ఉన్నాయి. సంప్రదాయ వైద్యం కోసం 1997లో ప్రత్యేక చట్టమే వచ్చింది.

తిరుగు ప్రయాణంలో దగ్గు పట్టుకుంది. డుమగెటె మందుల షాపులో చీటీ లేకుండానే లగుండి మాత్రలిచ్చారు. అట్ట మీద మోతాదు, గడువు తేదీ అచ్చయి ఉన్నాయి.